డీమ్యాట్ ఖాతా తెరవాలా? ముందు మీ ఇంటిపేరు సరిచూసుకోండి

షేర్లు కొనాలన్నా, ఐపీఓకి (కంపెనీ తొలిసారి జనానికి షేర్లు అమ్మడం) అప్లై చేయాలన్నా డీమ్యాట్ ఖాతా, అంటే షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచుకునే ఖాతా ఉండాలి. కాగితాలు సరిగ్గా ఉంటే ఫోన్‌లోనే దరఖాస్తు పూర్తవుతుంది. చిక్కంతా ఆ కాగితాల దగ్గరే.

1. పాన్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మన తెలుగువాళ్ళకి ఇక్కడే ఎక్కువ ఇబ్బంది. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందుంటే, మరోచోట చివర్లో ఉంటుంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళకైతే పాన్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉండిపోతాయి. దరఖాస్తు మధ్యలో ఆగిపోయాక టెన్షన్ పడేకంటే ముందే సరిచేయించుకోండి. పాన్, ఆధార్ లింక్ అయి ఉండాలి. ఓటీపీ వచ్చేది ఆధార్‌కి ఇచ్చిన నంబరుకే కాబట్టి ఆ సిమ్ మీ చేతిలో ఉండాలి.

2. బ్రోకర్‌ను ఎంచుకోండి. మీ షేర్లు ఉండేది ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ అనే డిపాజిటరీలో, అంటే షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే సంస్థలో. బ్రోకరో, బ్యాంకో మధ్యవర్తి మాత్రమే. మీరు ఎంచుకున్న బ్రోకర్ పేరు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్డ్ జాబితాలో ఉందో లేదో చూడండి. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే లింకుతో ఏ యాప్ కూడా దించుకోవద్దు. ఏడాది నిర్వహణ ఛార్జీ, బ్రోకరేజీ, అమ్మినప్పుడు పడే డీపీ ఛార్జీ ఎంతో అడగండి. మీకున్నది ఒక్కటే డీమ్యాట్ అయితే బేసిక్ సర్వీసెస్ ఖాతా కావాలని చెప్పండి. అందులో షేర్ల విలువ 4 లక్షల రూపాయలు దాటేదాకా నిర్వహణ ఛార్జీ ఉండదు.

3. దరఖాస్తు నింపండి. పాన్ నంబరు, డిజీలాకర్ ద్వారా ఆధార్, బ్యాంకు వివరాలు, సెల్ఫీ, తెల్ల కాగితం మీద సంతకం, చివర్లో ఆధార్ ఓటీపీతో ఈ-సైన్, ఇంతే. "నేను నింపేస్తా, మీరు ఓటీపీ చెప్పండి చాలు" అని ఎవరైనా ముందుకొస్తే వద్దనండి, తెలిసినవాళ్ళయినా సరే. ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వాలి. అవి ఇంకొకరివైతే మీ ఖాతాలో అమ్మకం జరిగినా మీకు మెసేజ్ రాదు.

4. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్, అంటే షేర్ల ధర ముందుముందు ఎటు పోతుందన్న అంచనాతో ఒప్పందాలు కొని అమ్మడం) గడిలో టిక్ పెట్టకండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళ లెక్కలు తీస్తే, ఎఫ్ అండ్ ఓలో ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే తేల్చింది. కొత్తవాళ్ళకి ఆ జోలి అసలు వద్దు.

5. నామినీని (మీ తర్వాత షేర్లు అందుకునే వ్యక్తిని) పెట్టండి. "తర్వాత చూద్దాం" అని వదిలేస్తే రేపు ఇంట్లోవాళ్ళు సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి.

6. డీడీపీఐ అనే అనుమతి పత్రం బ్రోకర్‌కు ఇవ్వడం మీ ఇష్టం. ఇస్తే అమ్మిన షేర్లను మీ ఖాతా నుంచి బదిలీ చేసే అధికారం బ్రోకర్‌కు వస్తుంది. ఇవ్వకపోతే అమ్మే ముందు మీరే పిన్, ఓటీపీలతో అనుమతించాలి. అప్పుడప్పుడు అమ్మేవాళ్ళకి అదేమంత కష్టం కాదు.

ఖాతా తెరిచాక క్లయింట్ మాస్టర్ రిపోర్ట్ (మీ ఖాతా వివరాలుండే పత్రం) డౌన్‌లోడ్ చేసుకుని పేరు, బ్యాంకు ఖాతా, నామినీ వివరాలు సరిచూడండి. సీడీఎస్‌ఎల్ అయితే డీమ్యాట్ నంబరు 16 అంకెలు, ఎన్‌ఎస్‌డీఎల్ అయితే 'ఐఎన్' తర్వాత 14 అంకెలు. మొదటి షేరు కొన్నాక, బ్రోకర్ యాప్‌లో కాకుండా సీడీఎస్‌ఎల్ వారి 'ఈజీ' అనే ఆన్‌లైన్ సేవలో గానీ, ఎన్‌ఎస్‌డీఎల్ వారి 'ఐడియాస్' అనే సేవలో గానీ లాగిన్ అయి, ఆ షేరు మీ పేరున పడిందో లేదో చూసుకోండి.