పవర్ యాంప్‌లో గెయిన్ ఎంత పెట్టాలి, గుయ్‌మనే శబ్దం ఎక్కడినుంచి వస్తుంది

పవర్ యాంప్ (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్) మీద గెయిన్ అనో లెవెల్ అనో రాసి ఉండే నాబ్‌ను చాలామంది వాల్యూం అనుకుంటారు. సగానికి తిప్పి వదిలేస్తే యాంప్ సగం పవరే ఇస్తుందనీ, స్పీకర్లకు ఢోకా ఉండదనీ నమ్ముతారు. నిజానికి యాంప్ లోపలి సర్క్యూట్ సిగ్నల్‌ను ఎప్పుడూ ఒకే రెట్లు పెంచుతుంది, ఆ రెట్లే గెయిన్. నాబ్ చేసేదల్లా వచ్చే సిగ్నల్‌ను ముందే కొంత తగ్గించి లోపలికి పంపడం. సిగ్నల్ బలంగా ఉంటే నాబ్ సగంలో ఉన్నా యాంప్ పూర్తి పవర్‌కు చేరుతుంది, అది దాటాక క్లిప్ అవుతుంది, అంటే వేవ్ తలలు తెగిపోతాయి. క్లిప్ అయిన సిగ్నల్‌తో ముందుగా కాలేది సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్, ట్వీటరే.

కాబట్టి రెండు అంకెలు తెలిస్తే చాలు: సోర్స్ గరిష్ఠంగా ఎన్ని వోల్టులిస్తుంది, యాంప్ పూర్తి పవర్‌కు ఎన్ని వోల్టులు కావాలి.

ఉదాహరణకు 8 ఓమ్‌ల మీద 100 వాట్ల యాంప్ తీసుకోండి. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే అవుట్‌పుట్ వోల్టేజీ వస్తుంది: 800 వర్గమూలం దాదాపు 28.3 వోల్టులు. యాంప్ గెయిన్ 32 డీబీ (డెసిబెల్, రెట్లను చెప్పే కొలత) అయితే అది 40 రెట్లు. 28.3ని 40తో భాగిస్తే 0.71. అంటే ఇన్‌పుట్‌లో 0.71 వోల్ట్ పడగానే యాంప్ దాని హద్దుకు చేరిపోతుంది. మామూలు సీడీ ప్లేయరు, డాక్ (డిజిటల్ ఆడియోను అనలాగ్‌గా మార్చే పరికరం) ఆర్‌సీఏ (మామూలు గుండ్రటి ఆడియో పిన్) నుంచి పూర్తి స్థాయిలో 2 వోల్టులిస్తాయి. ఇది అవసరానికి 2.8 రెట్లు, అంటే 9 డీబీ ఎక్కువ. నాబ్‌ను మైనస్ 9 డీబీ గుర్తు దగ్గర పెడితే లెక్క సరిపోతుంది. అదే యాంప్ గెయిన్ 26 డీబీ, అంటే 20 రెట్లే అయితే 1.41 వోల్టులు కావాలి, తగ్గించాల్సింది 3 డీబీ మాత్రమే. ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్) అవుట్‌పుట్ ఉన్న డాక్‌లు చాలావరకు 4 వోల్టులిస్తాయి. ఆర్‌సీఏ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌కు మారగానే 'సౌండ్ బ్రహ్మాండంగా పెరిగింది' అనిపించేది ఈ 6 డీబీ వల్లే. కేబుల్ గొప్పతనం కాదు.

నాబ్ మీద డీబీ గుర్తులు లేకపోతే మల్టీమీటర్‌తో సెట్ చేయాలి. స్పీకర్ వైర్లు తీసేయండి. ట్రాన్సిస్టర్ యాంప్‌కు దీనివల్ల ఏమీ కాదు, వాల్వ్ యాంప్‌ను మాత్రం లోడ్ లేకుండా ఎప్పుడూ నడపకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. నాబ్‌లు పూర్తిగా తగ్గించండి. పూర్తి స్థాయిలో రికార్డు చేసిన 200 హెర్ట్జ్ సైన్ టోన్ ఫైల్ ప్లే చేయండి. 1000 హెర్ట్జ్ ఎందుకు కాదంటే, చవక మీటర్ల ఏసీ రేంజి 400 హెర్ట్జ్ దాటాక తప్పు చూపిస్తుంది. ప్రీయాంప్ లేదా రిసీవర్ వాల్యూంను మీరు నిజంగా వాడే గరిష్ఠ స్థాయికి పెంచండి. మీటర్ ప్రోబ్‌లు ఒక ఛానెల్ స్పీకర్ టెర్మినళ్లకు పెట్టి, నాబ్‌ను నెమ్మదిగా తిప్పండి. 28 వోల్టుల దాకా వెళ్లకండి. లోడ్ లేనప్పుడు పవర్ సప్లై నిలకడగా ఉంటుంది, స్పీకర్ తగిలించాక కొంచెం కుంగుతుంది. ఒక డీబీ తగ్గించి 25 వోల్టుల దగ్గర ఆపండి. స్పీకరే 60 వాట్లదైతే లెక్క దానికి వేయాలి: 480 వర్గమూలం 22 వోల్టులు. రెండో ఛానెల్‌నూ అలాగే పెట్టి, రెండింటి మధ్య తేడా ఒక వోల్టు మించకుండా చూడండి. రెండు ఛానెళ్లకూ ఒకే నాబ్ ఉండే చవక డ్యూయల్ కంట్రోళ్లలో రెండు వైపులూ సమానంగా పెరగవు. పాట ఎడమకు జరిగినట్టు వినిపిస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే.

రిసీవర్ ప్రీ అవుట్ (బయటి యాంప్‌కు సిగ్నల్ ఇచ్చే సాకెట్) నుంచి యాంప్‌కు ఇస్తే, నాబ్ కదిపిన ప్రతిసారీ రూం క్యాలిబ్రేషన్ (రిసీవర్ మైకుతో కొలిచి స్పీకర్ల లెవెళ్లు సర్దడం) మళ్లీ చేయాలి. సబ్‌వూఫర్ ట్రిమ్ (రిసీవర్ పెట్టే లెవెల్) మైనస్ 12 డీబీ దగ్గర తగులుకుని ఆగిందంటే రిసీవర్ ఇక తగ్గించలేకపోయిందని అర్థం. సబ్ వెనక నాబ్ తగ్గించి మళ్లీ కొలవనివ్వండి. సున్నాకు అటూ ఇటూ ఐదులోపు వస్తే చాలు.

నాబే లేని యాంప్‌కు ఆర్‌సీఏ ప్లగ్‌లోనే సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ కట్టుకోవచ్చు. సిగ్నల్ దారిలో 6.8 కిలో ఓమ్‌లు, అక్కడినుంచి గ్రౌండ్‌కు 3.3 కిలో ఓమ్‌లు. పావు వాట్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, ఛానెల్‌కు రెండు. యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 47 కిలో ఓమ్‌లైతే దాదాపు 10 డీబీ తగ్గుతుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో గానీ, మీ ఊరి ఎలక్ట్రానిక్స్ షాపులో గానీ ఇవి దొరుకుతాయి. టీడీఏ7294 ఐసీతో అసెంబుల్ చేసిన బోర్డయితే ఇంకో దారుంది. డేటాషీట్ సర్క్యూట్‌లో గెయిన్‌ను నిర్ణయించే ఫీడ్‌బ్యాక్‌కు 22 కిలో ఓమ్‌లు, 680 ఓమ్‌లు ఉంటాయి, గెయిన్ 30 డీబీ పైచిలుకు. 680 తీసి 1 కిలో ఓమ్ వేస్తే 23 రెట్లకు, అంటే 27 డీబీకి దిగుతుంది. హిస్ (సుయ్‌మనే శబ్దం) కూడా ఆ మేరకు తగ్గుతుంది. 24 డీబీ కంటే కిందికి మాత్రం దించొద్దు, ఐసీ ఆసిలేట్ అయి, అంటే తనంతట తానే సిగ్నల్ పుట్టించుకుని, ఊరికే వేడెక్కుతుంది.

గెయిన్ సరిచేశాక సుయ్‌మనే శబ్దం ట్వీటర్‌కు చెవి ఆనిస్తేనే వినబడాలి. మూరెడు దూరంలో కూడా వినబడితే గెయిన్ ఇంకా ఎక్కువే ఉంది, లేదా ముందున్న పరికరమే ఆ శబ్దం పంపుతోంది. ఇన్‌పుట్ కేబుల్ పీకి చూస్తే రెండింట్లో ఏదో తేలిపోతుంది.

హమ్ కథ వేరు

హమ్ అంటే గుయ్‌మనే శబ్దం, ఇది రెండు రకాలు. మన కరెంటు 50 హెర్ట్జ్. గ్రౌండ్ లూప్ (పరికరాలు ఒకటికి మించిన దారుల్లో ఎర్త్ అవడం) వల్ల వచ్చేది లోతుగా, 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోతే వచ్చేది 100 హెర్ట్జ్, కాస్త గరుకుగా ఉంటుంది. ఈ రెండోది ఇన్‌పుట్లు తీసేసినా, నాబ్ సున్నాలో పెట్టినా తగ్గదు. కేబుళ్లు తీయగానే హమ్ ఆగితే యాంప్ బాగున్నట్టే, లూప్ వెతకాలి.

మన ఇళ్లలో మొదటి అనుమానితుడు టీవీ కేబుల్. సెట్‌టాప్ బాక్స్ వెనక కోయాక్సియల్ వైరు పీకండి. హమ్ టక్కున ఆగితే దొంగ దొరికినట్టే. ఆపరేటర్ కేబుల్ బయటెక్కడో ఎర్త్ అయి ఉంటుంది, యాంప్ మీ ఇంటి ఎర్త్‌కు ఉంటుంది, ఆ రెండింటి మధ్య తేడా కరెంటు ఆడియో కేబుల్ షీల్డ్ గుండా పారుతుంది. కేబుల్ టీవీకైతే కోయాక్సియల్ ఐసోలేటర్ పెట్టొచ్చు. డీటీహెచ్ డిష్‌కు అది పెట్టకండి. డిష్ మీది ఎల్‌ఎన్‌బీకి (సిగ్నల్ అందుకునే పరికరం) కరెంటు అదే వైరులో వెళ్తుంది, ఐసోలేటర్ దాన్ని ఆపేస్తుంది. అప్పుడు టీవీ నుంచి డాక్‌కు ఆప్టికల్ కేబుల్ వేయడమే మేలు, మధ్యలో లోహపు సంబంధమే ఉండదు. ఆప్టికల్ లేకపోతే ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. బాగా చవకది కొంటే లోతైన బేస్ పలచబడుతుంది.

యాంప్ ప్లగ్ ఎర్త్ పిన్ విరిచేసి హమ్ పోయిందని సంబరపడేవాళ్లు ఇంకా ఉన్నారు. లోపల ఫేజ్ వైరు చాసిస్‌కు (యాంప్ లోహపు డబ్బా) తగిలిన రోజున ఆ పిన్ ఒక్కటే మిమ్మల్ని కాపాడేది. హమ్ కోసం దాన్ని పోగొట్టుకోకండి.

అసలు ఎర్త్ ఉందో లేదో చూడాలంటే సాకెట్‌లో మీటర్ పెట్టండి. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. చాసిస్ తాకితే చిమచిమలాడి, చాసిస్‌కూ నిజమైన ఎర్త్‌కూ మధ్య మీటరు వంద వోల్టుల పైచిలుకు చూపిస్తే, ఆ సాకెట్‌కు ఎర్త్ లేదు. పరికరాల్లోని ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా సగం మెయిన్స్ చాసిస్ మీదికి వస్తోంది. ఇది ఎలక్ట్రీషియన్ పని. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రమే గుయ్‌మంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పని. యాంప్‌లో వెతికి లాభం లేదు.

ఒక ఛానెల్ రాకపోతే

ముందు సోర్స్ దగ్గర ఎడమ, కుడి మార్చండి. మూగదనం రెండో స్పీకర్‌కు మారితే తప్పు సోర్స్‌లో ఉంది. మారకపోతే యాంప్ ఇన్‌పుట్ దగ్గర మార్చండి. ఇప్పుడు మారితే కేబుల్. ఇక్కడా మారకపోతే స్పీకర్ వైర్లు మార్చి చూస్తే యాంపో స్పీకరో తేలుతుంది. చిన్న వాల్యూంలో ఒక వైపు పోయి, పెంచగానే టప్పున వస్తే అది స్పీకర్ రిలే (స్పీకర్లను యాంప్‌కు కలిపే, విడదీసే స్విచ్). కాంటాక్టులు నల్లబడ్డాయి, గీకడం కంటే రిలే మార్చడం మంచిది. నాబ్ తిప్పుతుంటే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పండి.

ఆన్ చేసిన మూడు నాలుగు సెకన్లకు రిలే టిక్‌మనకపోతే స్పీకర్ వైర్ల పోగులు ఒకదానికొకటి తగిలాయేమో ముందు చూడండి. తగల్లేదా, సిగ్నల్ లేకుండా రిలేకు ముందు పాయింట్‌లో డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు మంచిది. వోల్టుల్లో ఉంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్. రిలే లేని అసెంబుల్డ్ యాంప్‌లో ఇదే జరిగితే వూఫర్ కోన్ ముందుకో వెనక్కో తోసుకుని అలాగే నిలిచిపోతుంది. వెంటనే ఆపండి, కాయిల్ కాలడానికి ఎంతోసేపు పట్టదు.

మూత తీసే ముందు ప్లగ్ పీకండి. 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకుండా 220 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్‌ను పదిహేను సెకన్లు ఆనించి, మీటర్‌తో సరిచూసుకోండి. 5200, 1943 అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జతలో ఒకటి పోయినా రెండూ మార్చాలి. వాటి డ్రైవర్లను, ఎమిటర్ రెసిస్టర్లను కూడా చూడాలి. నకిలీ ట్రాన్సిస్టర్లు బజారులో బాగా ఉన్నాయి, మరీ చవకగా ఇస్తే తీసుకోకండి. ట్రాన్సిస్టర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పెట్టే మైకా షీటు, పేస్టు మరవొద్దు.

మార్చాక నేరుగా మెయిన్స్‌కు పెట్టకండి. 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే. అలాగే వెలుగుతూ ఉంటే షార్ట్ ఇంకా ఉంది. తర్వాత డీసీ మళ్లీ కొలిచి, ఆపైన బల్బు తీసేసి బయాస్ (సిగ్నల్ లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు) పెట్టండి. 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ మీద 10 మిల్లీవోల్టులంటే 45 మిల్లీయాంపులు, ఎంత ఉండాలో ఆ యాంప్ సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. హీట్‌సింక్ వెచ్చబడేదాకా ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ సరిచేయండి, చల్లగా ఉన్నప్పుడు పెట్టిన అంకె నిలవదు. స్పీకర్లు ఆ తర్వాతే తగిలించండి.