పాతది విప్పకముందే కొత్త పార్టు చూసుకోండి: విదేశంలో కారు కొన్న కొత్తవారికి

పరాయి దేశానికి వచ్చిన కొత్తలో మనలో చాలామంది కొనేది సెకండ్ హ్యాండ్ కారే. వాడిన కారన్నాక బ్రేక్ ప్యాడ్లో, బ్యాటరీయో, వీల్ బేరింగో ఏదో ఒకటి మార్చక తప్పదు. చాలా దేశాల్లో మెకానిక్ కూలి పార్టు ధరను మించిపోతుంది. అందుకే ఆన్‌లైన్లో పార్టు తెప్పించి మనమే బిగించుకోవడమో, మెకానిక్ చేతికిచ్చి వేయించుకోవడమో చేస్తాం. రెండింటిలో ఏదైనా సరే, పార్టును పరీక్షించే పని పాతది విప్పకముందే అయిపోవాలి. ఒకసారి బిగించిన పార్టును చాలా షాపులు వెనక్కి తీసుకోవు. కరెంటుకు సంబంధించిన పార్టులైతే పెట్టె తెరిచినా తీసుకోనివాళ్లున్నారు. వారంటీ ఉన్నా సాధారణంగా అది పార్టుకే, కూలికి కాదు. మీరు తెచ్చిచ్చిన పార్టు చెడిపోతే మెకానిక్ పూచీ పడడు, రెండోసారి కూలి మీరే కట్టుకోవాలి. పైగా కారు జాకీ మీద ఉండగా కొత్త పార్టు సరిపోలేదంటే మర్నాడు ఆఫీసుకు ఎలా వెళ్లాలన్న టెన్షన్ ఒకటి.

ఆర్డర్ పెట్టేటప్పుడు మోడల్, సంవత్సరం చెప్పి ఊరుకోకండి. ఒకే ఏడాది, ఒకే మోడల్ కారులో రెండు మూడు సైజుల బ్రేకులు ఉండొచ్చు. కారు విన్ నంబర్ (ప్రతి కారుకూ వేరుగా ఉండే గుర్తింపు నంబరు) ఇవ్వండి. సాధారణంగా ముందు అద్దం కింది అంచునో, డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీదో ఉంటుంది. అందులో అక్షరాలు, అంకెలు కలిపి 17. ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు కాబట్టి అలా అనిపించేవి 1, 0 అనుకోవాలి. జపాన్ నుంచి దిగుమతైన వాడిన కారైతే దానికి పొట్టి ఛాసిస్ నంబరే ఉంటుంది, అదే ఇవ్వండి.

పార్టు చేతికొచ్చాక ముందు పెట్టెను చూడండి. టేపు మీద టేపు వేసి ఉందా? లోపల కవరు చిరిగి ఉందా? బోల్టు రంధ్రాల చుట్టూ పెయింట్ లేచిపోయి, వాషర్ అచ్చు పడి ఉందా? అలా ఉంటే ఎవరో బిగించి, విప్పి, తిరిగిచ్చిన పార్టు మీకు వచ్చినట్టే. పెట్టె మీది నంబరు, పార్టు మీద చెక్కిన నంబరు, మీరు ఆర్డర్ పెట్టిన నంబరు మూడూ కలవాలి. తెరిచేటప్పుడు నాలుగు ఫోటోలు తీసుకుంటే తర్వాత వాదనకు పనికొస్తాయి.

బ్రేకుల విషయంలో మాత్రం తొందర వద్దు. ప్యాడ్లలో రాపిడి పదార్థం ఇనుప ప్లేటుకు అంచుల దాకా అతుక్కుని ఉండాలి. గోరు దూరేంత సందు కనిపించినా, మూల విరిగినా, పగులు ఉన్నా ఆ సెట్టు వాడొద్దు. బ్రేక్ డిస్క్ (ప్యాడ్లు నొక్కుకునే, చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం) మీద కనీస మందం ఎంతో సాధారణంగా చెక్కి ఉంటుంది. కొత్త డిస్క్ దానికన్నా స్పష్టంగా మందంగా ఉండాలి. తుప్పు పట్టకుండా కంపెనీవాళ్లు పూసిన నూనె ఉంటే, బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా శుభ్రంగా తుడవాలి. ఆ నూనె ప్యాడ్లకు అంటితే ప్యాడ్లు పాడైనట్టే. డిస్క్ ఊగుతోందని అనుమానం వస్తే ముందు అది కూర్చునే హబ్ మీది తుప్పు గీకి మళ్లీ చూడండి. చాలా కార్లకు అనుమతించే ఊగులాట 0.1 మిల్లీమీటరు లోపే, కాబట్టి కొద్దిపాటి తుప్పు పెచ్చు కూడా మంచి డిస్క్‌ను చెడ్డదిగా చూపిస్తుంది.

ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే క్యాలిపర్ కొంటే ఎడమ, కుడి సరిచూడండి. రెండూ అద్దంలో బొమ్మల్లా ఉంటాయి, తారుమారైనా చాలాసార్లు బోల్టులు సరిగ్గానే పడతాయి. తేడా తెలిసేది గాలి తీసే చిన్న బ్లీడర్ నిపుల్ దగ్గర. క్యాలిపర్‌ను కారుకు ఎలా కూర్చుంటుందో అలా పట్టుకుని చూస్తే నిపుల్ పైభాగాన ఉండాలి. కిందికి వచ్చిందంటే అది అవతలి వైపుది. గాలి పైకి చేరుతుంది కాబట్టి, నిపుల్ కింద ఉంటే ఎంతసేపు బ్లీడ్ చేసినా లోపలి గాలి పోదు, పెడల్ మెత్తగానే ఉంటుంది.

ఇలాంటిదే వీల్ బేరింగ్ సంగతి. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న చాలా కార్లలో బేరింగుకు ఒక పక్క సీలులోనే అయస్కాంత పట్టీ ఉంటుంది. కంటికి రెండు పక్కలూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. చిన్న పేపర్ క్లిప్పును మెల్లగా తాకించి చూడండి, పట్టీ ఉన్న పక్క అది కొద్దిగా అంటుకుంటుంది. ఆ పక్క చక్రం వేగాన్ని చదివే సెన్సర్ వైపు రావాలి. తిరగేసి నొక్కితే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, నొక్కిన బేరింగును ఊడదీస్తే చాలావరకు అది మళ్లీ పనికిరాదు. బోల్టులు ఏరే అయస్కాంతం కర్రను దాని దగ్గరికి రానివ్వొద్దు. కిందపడిన బేరింగును కూడా వాడొద్దు, పైకి ఏమీ కాకపోయినా లోపల గుండ్ల దారిలో నొక్కులు పడి ఉండొచ్చు.

మిగతావి త్వరగా తేలిపోతాయి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, వాటర్ పంపు కప్పీని చేత్తో తిప్పితే గరగర లేకుండా తిరగాలి, పక్కలకు ఊగకూడదు. బెల్టు గాడులు, ప్లగ్గు పిన్నులు పాతదానితో లెక్కపెట్టి చూసుకోండి. చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ అయితే పొడవు, పళ్ల సంఖ్య కలవాలి. స్పార్క్ ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద సన్నటి గీత కనిపించినా పక్కన పడేయండి. కొత్త 12 వోల్టుల బ్యాటరీకి మీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపాలి, 12.4 కన్నా తక్కువైతే షాపులో చాలాకాలం పడి ఉందేమో అడగండి. ప్లస్సు పాతదానికి ఏ పక్కనుందో ఆ పక్కనే ఉండాలి, లేకపోతే కేబుల్ అందదు. టైరు పక్కన DOT అనే అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. ఆయిల్ ఫిల్టర్ రబ్బరు రింగు సరిగ్గా కూర్చుని ఉండాలి. పాత ఫిల్టర్ రింగు ఇంజనుకే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే ఆయిల్ ఒక్కసారిగా కారిపోయి ఇంజనే పోవచ్చు.

ఎయిర్‌బ్యాగ్ మాత్రం ఆన్‌లైన్లో ఎంత చవగ్గా దొరికినా కొనొద్దు. అసలువాటిలాగే కనిపించే నకిలీల గురించి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2012లోనే హెచ్చరించింది. పైకి చూసి వాటిని పట్టుకునే దారి మనకు లేదు.

మెకానిక్ దగ్గర చేయిస్తుంటే, "విప్పకముందు కొత్తదాన్ని ఒకసారి చూడండి, పాతది విప్పగానే రెండూ పక్కపక్కన పెట్టి నాకు చూపించండి" అని ముందే అడగండి. మంచి మెకానిక్ దీనికి ఏమీ అనుకోడు. పాత పార్టును పారేయనివ్వొద్దు. ఆల్టర్నేటర్, క్యాలిపర్, బ్యాటరీ లాంటివాటికి కొన్ని దేశాల్లో కొనేటప్పుడే డిపాజిట్ పట్టుకుంటారు, పాతది తిరిగిస్తేనే ఆ డబ్బు వస్తుంది. పాత క్యాలిపర్లోని బ్రేక్ ఆయిల్ వంపేసి, కొత్తది వచ్చిన పెట్టెలోనే పెట్టి, బిల్లుతో పాటు తీసుకెళ్లండి.