మామిడి లోడ్లకు ముందే గేర్ ఆయిల్, హౌసింగ్ ఆయిల్ చూసుకోండి

మే నెల వస్తే మా దామలచెరువు వైపు పికప్ బండ్లకు నిద్ర ఉండదు. సాయంత్రం మండీలో బేనీషా క్రేట్లు ఎక్కించుకుని, చిత్తూరు దాటి, మొగిలి ఘాట్ ఎక్కి, పలమనేరు, ముల్బాగల్ మీదుగా తెల్లారేలోపు బెంగళూరు మార్కెట్లో దించాలి. ఇంజన్ ఆయిల్ సంగతి అందరూ చూసుకుంటారు. గేర్ బాక్సులో, వెనక హౌసింగ్‌లో (వెనక చక్రాలను తిప్పే పళ్ల చక్రాలుండే ఇనప గుండులో) ఉన్న ఆయిల్ మాత్రం చప్పుడు మొదలయ్యాకే గుర్తొస్తుంది. అప్పటికి ఆయిల్ మార్చి లాభం లేదు, హౌసింగ్‌లో కలిసి తిరిగే క్రౌన్, పినియన్ అనే పళ్ల చక్రాల సెట్టే మార్చాల్సి రావచ్చు. అందుకే ఈ పని ఏప్రిల్‌లో, బండి ఖాళీగా ఉన్నప్పుడే పెట్టుకోండి.

ఈమధ్య ఎవరిని కదిలించినా "సింథటిక్ పోయించేదా అన్నా?" అంటున్నారు. పోయించండి, తప్పు లేదు. కానీ డబ్బా మీద ముందు చూడాల్సింది ఆ మాట కాదు. గేర్ ఆయిల్ రకం చెప్పే గుర్తు జీఎల్-4 అని ఉందా, జీఎల్-5 అని ఉందా అన్నది చూడండి.

నాకు ఇది చెయ్యి కాలాకే తెలిసింది. ఒకసారి ఒక షాపులో కుర్రాడు డ్రమ్ములోంచి చేతిపంపుతో ఒకే ఆయిల్‌ని గేర్ బాక్సుకూ, హౌసింగ్‌కూ కొట్టేశాడు. "రెండూ తొంభై ఆయిలే కదన్నా" అన్నాడు. నేనూ తలూపాను. కొన్ని నెలలకు పొద్దున్నే సెకండ్ గేర్ వేస్తే కర్రుమనడం మొదలైంది. విప్పించాం. గేరు పడేముందు వేగాలను కలిపే ఇత్తడి సింక్రో రింగును మేస్త్రీ గోటితో గీకి చూపించాడు. గోరు తట్టుకోవాల్సిన సన్నని గాడులు అరిగి, లోపలంతా గాజులా నున్నగా ఉంది. తప్పంతా ఆయిల్‌దేనని నేను ప్రమాణం చెయ్యలేను గానీ, ఆ తర్వాత డ్రమ్ము ఆయిల్ జోలికి పోలేదు.

అసలు విషయం ఏంటంటే, సింక్రో రింగు పనిచేసేదే రాపిడితో. గేరు పక్కనుండే కోన్‌ని పట్టుకుని వేగం కలిపితేనే గేరు మెత్తగా పడుతుంది. జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ మందులు ఎక్కువ. రింగు జారిపోతుంది, పైగా వేడి ఎక్కువైతే ఆ గంధకం ఇత్తడిని తినే ప్రమాదం ఉంది. వెనక హౌసింగ్ కథ దీనికి పూర్తిగా తిరుగు. అక్కడ పినియన్, క్రౌన్ నడిమధ్యకు కాకుండా కిందగా వచ్చి కలుస్తుంది. పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, అడ్డంగా రాసుకుంటూ పోతాయి. లోడు మీద ఆ ఒత్తిడికి ఆయిల్ పొర పక్కకు పిండుకుపోతుంది. అప్పుడు పంటిని కాపాడేది ఆ మందుల పొరే. అందుకే అక్కడ జీఎల్-5 కావాలి, జీఎల్-4 పోస్తే పళ్లు గీసుకుపోతాయి.

అలాగని గేర్ బాక్సు అనగానే కళ్లు మూసుకుని జీఎల్-4 అనకండి. కొన్ని కొత్త బండ్లకు కంపెనీ పలుచని ప్రత్యేక ఆయిల్ చెబుతుంది. ఆటోమేటిక్ అయితే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్సుల ఆయిల్), అదీ కంపెనీ చెప్పిన కోడ్‌దే. ఫోర్ వీల్ డ్రైవ్‌కు ముందు చక్రాలకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ అని మూడోది ఉంటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. బండితో ఇచ్చిన పుస్తకం సీటు కింద దుమ్ము పట్టి ఉంటుంది, తీసి ఆ ఒక్క పేజీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

ఇక చిక్కదనం. గేర్ ఆయిల్ 90 అంటే ఇంజన్ ఆయిల్ 40కి రెండింతలు చిక్కన అనుకుంటారు. కాదు, రెండింటి కొలతలే వేరు. 90 గేర్ ఆయిల్, 40-50 ఇంజన్ ఆయిల్ వేడి మీద ఇంచుమించు ఒకే చిక్కదనం. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది: 75డబ్ల్యూని మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80డబ్ల్యూని మైనస్ 26 దగ్గర పరీక్షిస్తారు. ఆ లాభం లడఖ్‌లో తిరిగేవాళ్లకు. మనకు సింథటిక్ పనికొచ్చేది వేడికి. ఫుల్ లోడుతో సెకండ్ గేర్‌లో ఘాట్ ఎక్కుతుంటే మామూలు ఆయిల్ త్వరగా పలుచబడుతుంది, త్వరగా చెడుతుంది. సింథటిక్ నిలబడుతుంది. చేతిలో డబ్బులు ఒకదానికే ఉంటే నేనైతే హౌసింగ్‌కే సింథటిక్ పోయిస్తాను. లోడు బండి కదా అని 85డబ్ల్యూ-140 పోసే మేస్త్రీలు ఉన్నారు. పుస్తకం ఒప్పుకుంటే సరే, లేకపోతే ఆ చిక్కదనాన్ని చిలకడానికే డీజిల్ పోతుంది.

మార్చేటప్పుడు దగ్గర నిలబడండి. బండిని కాసేపు తిప్పి, ఆయిల్ వెచ్చగా ఉన్నప్పుడు సమతలం మీద పెట్టించండి. ముందు పోసే బోల్టు విప్పించాలి, తర్వాతే కింద బోల్టు. ఉన్నదంతా కార్చేశాక పై బోల్టు తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. కింద బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉండడం మామూలే. మెరిసే రేకులు, పంటి ముక్కలు కనిపిస్తే మాత్రం ఆయిల్ పోయకండి, హౌసింగ్ విప్పించండి. కొత్త ఆయిల్ రంధ్రం కింది అంచు నుంచి సన్నగా కారేదాకా చాలు. "ఇంకో అర లీటరు ఉండనీ" అంటే నురగ కట్టి, సీల్ దాటి, బ్రేక్ డ్రమ్ములోకి దిగుతుంది.

జూన్, జూలైలో తోతాపురి లోడ్లకు వానలు తోడవుతాయి. ఘాట్ దిగి సలసలా కాగుతున్న హౌసింగ్‌ని వాగు నీళ్లలో దించితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి, హౌసింగ్‌కు గాలి ఆడే బ్రీదర్ గొట్టం నుంచో, సీల్ నుంచో నీళ్లను లోపలికి లాగుతుంది. కాబట్టి బ్రీదర్‌లో మట్టి లేకుండా ఇప్పుడే శుభ్రం చేయించండి. నీళ్లలోంచి పోయి వచ్చాక పై బోల్టు విప్పి, వేలు పెట్టి చూడండి. వేలికి పాల టీ రంగు అంటితే ఎంత ఖరీదైన సింథటిక్ అయినా, నిన్నే పోయించినదైనా, పారబోయాల్సిందే.

దారిలో బండి ఆగిపోతే ఇంకో జాగ్రత్త. న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాలు నేల మీద తిరుగుతుండగా చాలా దూరం లాగించకండి. ఇంజన్ ఆగి ఉంటే గేర్ బాక్సులో కింది షాఫ్టు తిరగదు, ఆయిల్ పైకి చిమ్మదు, పై షాఫ్టు మాత్రం పొడిగా తిరుగుతూ ఉంటుంది. నాలుగు బోల్టులు విప్పి, గేర్ బాక్సు నుంచి హౌసింగ్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు దించి లాగించండి. ఆ బోల్టులకు సరిపోయే పానా టూల్ బాక్సులో ఉందో లేదో ఇవాళే చూసుకోండి.