కొందరు బెంగళూరులో, కొందరు సొంత ఊళ్లలో: బృందాన్ని కలిపి నడపడం ఎలా?

2020 మార్చి లాక్‌డౌన్ సమయంలో మారతహళ్లి, బెళ్లందూరు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ప్రాంతాల్లోని పీజీలు, అద్దె ఇళ్లు ఖాళీ చేసి సొంత ఊళ్లకు వెళ్లిన తెలుగు ఉద్యోగుల్లో కొందరు మళ్లీ బెంగళూరుకు రాలేదు. పని తెలిసినవారిని వదులుకోవడానికి కొన్ని కంపెనీలూ ఇష్టపడలేదు. అందువల్ల ఒకే బృందంలో నలుగురు ఆఫీసుకు వస్తూ, మిగిలినవారు విజయవాడ, అనంతపురం, తిరుపతి, విశాఖల నుంచి పనిచేయడం ఇప్పుడు మామూలైంది. అందరూ ఆఫీసులో ఉండే బృందం కంటే, ఎవరూ ఆఫీసుకు రాని బృందం కంటే, ఈ సగం సగం బృందాన్ని నడపడమే కష్టం. ఎందుకంటే ఇందులో ఆఫీసులో ఉన్నవారికి అన్నీ ముందే తెలుస్తాయి, ఇంట్లో ఉన్నవారికి అన్నీ అయిపోయాక తెలుస్తాయి. కింద చెప్పిన పనులన్నీ ఆ తేడాను తగ్గించడానికి ఉద్దేశించినవే.

మొదటి మెట్టు: నిర్ణయాలను రాతలో పెట్టండి

సాఫ్ట్‌వేర్ విడుదలను బుధవారం నుంచి శుక్రవారానికి మార్చాలని టీ తాగుతూ ఇద్దరు టీమ్ లీడ్‌లు అనుకున్నారనుకుందాం. పక్క సీట్లవారికి ఆ సంగతి అరగంటలో తెలిసిపోతుంది. విజయవాడలో ఉన్న టెస్టర్ మాత్రం మంగళవారం రాత్రి పదకొండింటి దాకా కూర్చుని పరీక్షలన్నీ ముగించి, మరునాటి మీటింగులో ఆ మాట వింటారు. ఇలా రెండు మూడుసార్లు జరిగితే ఆ వ్యక్తి ఉద్యోగం మానేయకపోవచ్చు గానీ, తనకెందుకులే అనుకోవడం మొదలుపెడతారు.

కాబట్టి రాతలోకి రానిది నిర్ణయం కాదన్న నియమం పెట్టుకోండి. టీ దగ్గర మాట్లాడుకోవడం తప్పేమీ కాదు, అయితే మాట్లాడుకున్న వెంటనే ఎవరో ఒకరు అందరూ చూసే చాట్ ఛానెల్‌లో నాలుగు ముక్కలు రాయాలి: “విడుదల శుక్రవారానికి మార్చాలనుకుంటున్నాం. చెల్లింపుల పేజీలో ఒకే ఆర్డరుకు రెండుసార్లు డబ్బు కట్ అవుతోంది. అభ్యంతరం ఉంటే ఈ రోజు సాయంత్రం నాలుగింటిలోగా చెప్పండి.” ఇందులో చివరి వాక్యాన్ని ఎప్పుడూ వదిలేయకండి. అది లేకపోతే దూరంగా ఉన్నవారికి కబురు అందుతుందే తప్ప, మాట చెప్పే అవకాశం దొరకదు.

మీటింగులకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఒక్కరు దూరంలో ఉన్నా, ఆఫీసులో ఉన్నవారంతా ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వారు హెడ్‌ఫోన్ పెట్టుకుని చేరాలి. నలుగురు ఒకే మైకు చుట్టూ కూర్చుని తమలో తాము నవ్వుకుంటుంటే అవతలివారు ప్రేక్షకులుగా మిగిలిపోతారు. తెలుగువారు ఎక్కువగా ఉన్న బృందాలు ఇంకో జాగ్రత్త కూడా తీసుకోవాలి: కన్నడ సహోద్యోగి ఒక్కరే ఉన్నా పనికి సంబంధించిన చర్చ అందరికీ వచ్చిన భాషలోనే సాగాలి. సినిమా కబుర్లకు వాట్సాప్ గ్రూపు ఎలాగూ ఉంటుంది.

రెండో మెట్టు: చిన్న హ్యాండ్‌బుక్ తయారు చేయండి

సొంత కార్యాలయాలే లేకుండా ఎదిగి 2021లో అమెరికా స్టాక్ మార్కెట్‌లో నమోదైన గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ, తన పని పద్ధతులు రాసుకున్న హ్యాండ్‌బుక్‌ను ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. దాన్ని చదవండి, కానీ దించేయకండి. పన్నెండు మంది బృందానికి అంత పెద్ద పుస్తకం అక్కర్లేదు. ఏ నిర్ణయం ఎవరిది, సెలవు ఎవరిని అడగాలి, అర్ధరాత్రి సర్వర్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్న విషయాలతో నాలుగు పేజీలు చాలు. కొత్తగా చేరినవారికి ఆ పేజీల్లో అర్థంకాని చోట్లను వారి చేతనే సరిచేయించండి.

మూడో మెట్టు: పనివేళలు, వసతులు తేల్చండి

అందరూ తప్పక అందుబాటులో ఉండే నాలుగు గంటలు నిర్ణయించి, మిగిలిన సమయాన్ని వారికే వదిలేయండి. క్లయింటు కాలిఫోర్నియాలో ఉంటే అక్కడి ఉదయం తొమ్మిది మనకు వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర అవుతుంది. ఆ కాల్స్ భారాన్ని వంతులవారీగా పంచాలి. ఇంట్లోనే ఉన్నారు కదా అని ఊళ్లో ఉన్నవారి మీదే వేయకూడదు.

స్క్రీన్ ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్లు, మైక్రోసాఫ్ట్ టీమ్స్ యాప్‌లో పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతోందా లేదా అన్న కాపలా నా దృష్టిలో దండగ. వాటి వల్ల మౌస్ కదుపుతూ ఉండడం అలవాటవుతుందే గానీ పని పెరగదు. ఆ ఖర్చుతో ఊళ్లో పనిచేసేవారికి ఇన్వర్టరు, రెండో ఇంటర్నెట్ కనెక్షను ఇప్పించండి. కరెంటు పోయినప్పుడు కంపెనీ లోగో ఉన్న టీ షర్టు ఎవరికీ పనికిరాదు.

నాలుగో మెట్టు: ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి

పదిహేను రోజులకోసారి అరగంట చాలు. పని జాబితా చదవడానికి ఆ సమయాన్ని వాడకండి, కెమెరా ఆన్ చేయమని పట్టుబట్టకండి. ఇంటి నిండా మనుషులుండి, మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవారు ఉంటారు. ప్రసూతి సెలవు ముగించుకుని వస్తున్నవారితో ముందే మాట్లాడి, పని స్వభావం అనుమతిస్తే ఇంటి నుంచి చేసే ఏర్పాటు గురించి అడగండి. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం అందుకు వీలు కల్పించింది.

లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. పని ప్రదేశానికి ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో నివాస గృహం కూడా ఉంది. కమిటీ సభ్యుల వివరాలు ఆఫీసు గోడ మీద అంటిస్తే తిరుపతిలో ఉన్నవారికి కనబడవు కాబట్టి, వాటిని హ్యాండ్‌బుక్ మొదటి పేజీలోనే పెట్టండి.

ఐదో మెట్టు: పండగలు, కలయికలు

ఆంధ్రలో సంక్రాంతి అంటే భోగి నుంచి కనుమ దాకా మూడు రోజులు. నవంబరు 1న కర్ణాటక రాజ్యోత్సవం. ఆఫీసు క్యాలెండరునే అందరికీ రుద్దకుండా, జాతీయ సెలవులు పోగా మిగిలినవాటిని ఎవరికి వారు ఎంచుకోనివ్వండి.

ఏడాదికి రెండుసార్లు అందరూ ఒకచోట కలవాలి, అయితే ప్రతిసారీ అందరినీ బెంగళూరుకే రప్పించకండి. 2023 సెప్టెంబరులో మొదలైన కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ అనంతపురంలో ఆగుతుంది కాబట్టి, ఒకసారి ఆఫీసువాళ్లే అటు ప్రయాణం చేయవచ్చు. రాత్రి రైలు దిగి, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి వచ్చినవారిని నేరుగా పవర్‌పాయింట్ ముందు కూర్చోబెట్టడం కంటే, కలిసి భోంచేసి, ఫోన్లో తేలని తగాదాలను ఎదురెదురుగా తేల్చుకోవడం మేలు.

ఆరో మెట్టు: ప్రమోషన్ల జాబితాను సరిచూడండి

జాబితా ఖరారు చేసే ముందు ప్రతి పేరు పక్కన ఆఫీసు నుంచా, ఊరి నుంచా అని రాసి చూడండి. బృందంలో సగానికి పైగా ఊళ్లలో ఉండగా ప్రమోషన్లన్నీ ఆఫీసువారికే దక్కుతుంటే, కళ్లెదుట తిరిగేవారే గుర్తుకొచ్చారన్నమాట. అప్పుడు జాబితాను పక్కనపెట్టి, గత ఆరు నెలల్లో ఎవరు ఏ పని పూర్తిచేశారో రాతపూర్వకంగా తెప్పించుకుని, పేర్లు, ఊళ్లు దాచి మళ్లీ చదవండి.