పి53 వెస్టర్న్ బ్లాట్‌లో డీఓ-1 తిప్పలు: సమస్య - పరిష్కారం

బ్యాండే రాలేదు

వెస్టర్న్ బ్లాట్ అంటే ప్రోటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్‌పైకి మార్చి, యాంటీబాడీతో బ్యాండ్‌గా చూడటం. పి53 అనే ప్రోటీన్ కోసం వాడే యాంటీబాడీ డీఓ-1. దాని కొత్త వయల్ ఆర్డర్ పెట్టేముందు జెల్ లేన్‌లో ఏ కణాలు వేశారో చూడండి. డీఓ-1 అంటుకునేది మనిషి పి53లోని 20–25 అమైనో ఆమ్లాల దగ్గర. మౌస్ పి53ని గుర్తించదు. హెచ్1299, సావోస్-2 కణాల్లో పి53 తయారే కాదు. హీలా కణాల్లో హెచ్‌పీవీ వైరస్ ప్రోటీన్ ఈ6 దాన్ని ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంది. ఎంసీఎఫ్-7 కణాల్లో మ్యుటేషన్ లేని పి53 ఉన్నా ఎండీఎం2 అనే ప్రోటీన్ దాన్ని నిలవనివ్వదు. ఎండీఎం2ను అడ్డుకునే నట్లిన్-3ఎ 10 మైక్రోమోలార్ వేసి 16 గంటలు ఉంచితే బ్యాండ్ తేలుతుంది. మందులేవీ అక్కర్లేని పాజిటివ్ కంట్రోల్ కావాలంటే ఏ431 కణాలు వాడండి.

50 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్, పి53 లేని శాంపిల్‌లో కూడా

ఇదే అసలు మోసగత్తె. డీఓ-1 (ప్రైమరీ) మౌస్ యాంటీబాడీ, దాన్ని పట్టుకుని బ్యాండ్ చూపించే సెకండరీ యాంటీబాడీ యాంటీ-మౌస్. శాంపిల్‌లో మౌస్ సొంత యాంటీబాడీ (ఐజీజీ) ఉంటే సెకండరీ దాన్నీ పట్టుకుంటుంది. దాని హెవీ చైన్ సుమారు 50, పి53 సుమారు 53. జెల్ కాస్త తక్కువ పరుగెత్తినా రెండూ ఒకటే అనిపిస్తాయి. ఐపీ (యాంటీబాడీతో ప్రోటీన్‌ను బయటికి లాగే ఇమ్యునోప్రెసిపిటేషన్) శాంపిళ్లలో, మౌస్‌లో పెంచిన ట్యూమర్లలో ఇది మామూలే. న్యూడ్ మౌస్ రక్తంలో ఐజీజీ ఉంటుంది, రోగనిరోధక శక్తి మరీ తక్కువైన ఎన్‌ఎస్‌జీ మౌస్‌లో దాదాపు ఉండదు. అందుకే ఒకే ట్యూమర్ రెండు రకాల మౌస్‌లలో రెండు రకాల "పి53" చూపిస్తుంది!

25 కిలోడాల్టన్ల దగ్గర ఐజీజీ లైట్ చైన్ కనిపిస్తే గుట్టు బయటపడినట్టే. కానీ లోడింగ్ సమానమో కాదో చూపే జీఏపీడీహెచ్ ప్రోటీన్ కోసమని మెంబ్రేన్‌ను 40 దగ్గర కోసేసి, ఆ సాక్ష్యాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు.

చేయాల్సిన చెక్ ఒక్కటే, అందరూ ఎగ్గొట్టేదీ అదే: ఒక స్ట్రిప్‌కు ప్రైమరీ వేయకుండా సెకండరీ మాత్రం వేసి, అంతే ఎక్స్‌పోజర్ ఇవ్వండి. బ్యాండ్ వచ్చిందా, అది పి53 కాదు. డీఓ-1ను 1:1000 నుంచి 1:5000కు పలచన చేసినా బ్యాండ్ చెక్కుచెదరకపోతే అదీ అనుమానించాల్సిన విషయమే.

ట్యూమర్లకు సిగ్నల్ ఇచ్చే ఎంజైమ్ హెచ్‌ఆర్‌పీ నేరుగా కలిపిన డీఓ-1 వాడండి, సెకండరీ గొడవే ఉండదు. ఐపీకైతే రాబిట్ యాంటీబాడీతో లాగి డీఓ-1తో బ్లాట్ చేయండి. సెకండరీ మాత్రం రాబిట్ ఐజీజీకి అంటని రకం కావాలి. డీఓ-1తోనే లాగక తప్పదంటే దాన్ని బీడ్స్‌కు డీఎంపీ అనే రసాయనంతో క్రాస్‌లింక్ చేయండి (గట్టిగా అతికించండి). బ్లాకింగ్ పాలపొడి మార్చినా, వాషింగ్‌లు పెంచినా ఈ బ్యాండ్ పోదు.

మిగతావి

సెరీన్-20 ఫాస్ఫరిలేషన్ డీఓ-1ను అడ్డుకుంటుంది, మొదటి 39 అమైనో ఆమ్లాలు లేని పి53 ఐసోఫామ్ (రూపాంతరం) దానికి కనబడదు. రెండూ అరుదు. అనుమానం ఉంటే 46–55 దగ్గర అంటుకునే పీఏబీ1801 యాంటీబాడీతో ఒకసారి చూడండి.