ఇంట్లో చదివించాలనుకుంటున్నారా? ముందు కిట్ కొనకండి, పిల్లను చూడండి

జూన్ దగ్గర పడుతుంటే చాలు, "మీరు ఏ కరిక్యులమ్ వాడుతున్నారు, పేరు చెప్పరా" అని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. రెండు వారాలు ఏమీ కొనకండి. ఏ కరిక్యులమ్ మంచిదన్నది తర్వాతి సంగతి. మీ పిల్లకు ఇప్పటికే ఏమొచ్చు, ఇంట్లో ఏ భాష నడుస్తోంది, వంట, ఆఫీసు, పెద్దవాళ్ల మందులు అన్నీ అయ్యాక రోజులో మీకు నిజంగా ఎంత టైమ్ మిగులుతుంది, ఈ మూడూ తేలకుండా కొన్న ఏ పుస్తకమైనా అలమరలోకే పోతుంది.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మా పెద్దవాడికి నాలుగున్నర ఏళ్లప్పుడు, బయటి దేశంలో తయారైన ఏడాది కిట్ ఒకటి 26 వేలు పెట్టి తెప్పించాను. 36 వారాల ప్లాన్, ఏ రోజు ఏ పేజీ చేయాలో అందులో రాసే ఉంది. మూడో వారానికే మేము వెనకబడ్డాం, వెనకబడ్డామని నాకు టెన్షన్, నా ముఖం చూసి వాడికి పుస్తకమంటేనే భయం. ఆ భయం పోవడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ కథలు చదివి వినిపించడం తప్ప ఇంకేమీ చేయలేదు. కిట్‌లో తప్పేమీ లేదు. అది మా ఇంటి కోసం, మా పిల్లవాడి కోసం రాసింది కాదు, నేను దాన్ని కత్తిరించకుండా ఉన్నదున్నట్టు తొడిగాను. ఆడపిల్లకు పట్టులంగా కుట్టించేటప్పుడు లోపల మడతలు పెట్టించి, పిల్ల ఎదిగిన కొద్దీ ఒక్కో మడత విప్పుతాం కదా, కరిక్యులమ్‌ను కూడా అలాగే వాడాలి.

ఆ రెండు వారాలూ ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రోజుకు నాలుగు లైన్లు రాయండి. దేని గురించి పదే పదే అడుగుతోంది, విన్న కథను తిరిగి చెప్పగలుగుతోందా, ఐదు చెంచాలు తెమ్మంటే లెక్కపెట్టి తెస్తోందా లేక చేతికొచ్చినన్ని తెస్తోందా, కత్తెర పట్టుకోగలదా, చొక్కా గుండీ పెట్టుకోగలదా, ఏ టైమ్‌లో చిరాకు పడుతోంది. గుండీ పెట్టుకోలేని వేళ్లు పెన్సిల్‌తో పేజీలు నింపలేవు. అలాంటి పిల్లకు రాత పుస్తకం ఆపేసి చపాతీ పిండి ఇవ్వండి, చిక్కుడుకాయలు తుంచమనండి. మా చిన్నది పొద్దున 9 నుంచి 10 వరకు ఏది చెప్పినా పట్టేస్తుంది, 11 దాటితే ఏదీ ఎక్కదు. అది తెలిశాక మా ఇంటి టైమ్‌టేబుల్ మొత్తం మారిపోయింది.

మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకైతే పాఠ్యపుస్తకాల జోలికి వెళ్లకండి. ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల వాళ్ల గురించి రాసింది, అందులో ఆరేళ్ల లోపు పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలు ఉండకూడదని స్పష్టంగా చెప్పారు. ఆటలు, పాటలు, కథలు, బొమ్మలు, చేతిపనులు. నాలుగేళ్ల పిల్లకు రోజుకు పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి చెప్పడం నా లెక్కలో ఎక్కువే. ఆరేళ్లు దాటాక ఇరవై నిమిషాల చొప్పున మూడు సార్లు చాలు, మధ్యలో ఆట ఉండాలి.

ఆరు దాటిన పిల్లకు పునాదిగా ఏం తీసుకోవాలి? నేనైతే ఎన్‌సీఈఆర్‌టీ ఒకటి, రెండు తరగతుల లెక్కలు, ఇంగ్లిష్ పుస్తకాలు తీసుకుంటాను, వాళ్ల వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లు ఉచితం. తెలుగుకు మన రాష్ట్ర పాఠ్యపుస్తకం. వీటి పక్కన కథల పుస్తకాలు వీలైనన్ని. ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి, హైదరాబాద్ తార్నాకలోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లవి పిల్లల చేతికి ఇవ్వడానికి బాగుంటాయి, ఇక ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓపికగా వెతికితే బొమ్మల పుస్తకాలు చాలా తక్కువకు దొరుకుతాయి. ఖరీదైనది ఏదైనా ఆరు నెలలు ఇలా నడిచాక, ఫలానా లోటు ఉంది అని తేలాకే కొనండి.

ఇప్పుడు అసలు పని, మార్చుకోవడం. తెలుగు చదవడంతో మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది అక్కడే పిల్లల్ని పోగొట్టుకుంటున్నారు. అ నుంచి ఱ దాకా అన్ని అక్షరాలూ వరసగా దిద్దించి, తర్వాత గుణింతాలన్నీ బట్టీ పట్టించి, ఆ తర్వాత ఎప్పుడో ఒక మాట చదివిస్తే అప్పటికి పిల్ల విసిగిపోతుంది. వారానికి మూడు నాలుగు అక్షరాలు తీసుకుని వెంటనే మాటలు చేయండి. త, ల, వ, ప, క వస్తే చాలు, తల, వల, కల, పలక అన్నీ చదివేస్తుంది. తర్వాత దీర్ఘం చెప్పి తాత, పాప, పాక. ఋ, ఙ, ఞ లాంటివి ఏడాది తర్వాత చూసుకోవచ్చు. ఒత్తుల దగ్గర మాత్రం వరస కోసం ఆగకండి. పిల్లలకు ముందుగా రాయాలనిపించేవే అమ్మ, నాన్న, అక్క, అన్న, తాతయ్య, వీటన్నిట్లోనూ ఒత్తు ఉంది. వాటిని బొమ్మలా మాట మొత్తంగా చూపించేయండి, నియమం తర్వాత చెప్పొచ్చు. త, న, మ, య, ర ఒత్తులు అసలు అక్షరంలా కనిపించవు కాబట్టి వాటికి విడిగా టైమ్ ఇవ్వాలి. గ, చ, డ, ద, ప ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే, అవి త్వరగా వస్తాయి.

చదవడానికి సిటీ బస్సు బోర్డుల్ని మించింది లేదు. మా పెద్దవాడికి ఠ అనే అక్షరం కోఠి బోర్డు చూసే వచ్చింది, ఏ పుస్తకంలోనూ నేను అక్కడిదాకా రానేలేదు. ఇంకో మాట. పుస్తకంలో ఉన్న తెలుగు, ఇంట్లో నాయనమ్మ మాట్లాడే తెలుగు ఒకటి కాదు. పిల్ల "గట్ల కాదు, గిట్ల" అంటే తప్పని దిద్దకండి. "మనం ఇంట్లో ఇలా అంటాం, పుస్తకంలో అలా రాస్తారు" అని రెండూ పక్కపక్కన పెట్టండి. ఇంటి మాటను తప్పు అంటే పిల్ల నోరు మూసుకుంటుంది, నోరు మూసుకున్న పిల్లకు చదవడం నేర్పడం చాలా కష్టం.

ఇంగ్లిష్ ఫోనిక్స్ కోర్సులు, అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదవడం నేర్పేవి, ఇంగ్లిష్ ఇంట్లో వినేవాళ్ల కోసం తయారైనవి. మన పిల్లలకు అక్షరమంటే అచ్చు కలిసిన శబ్దం. అందుకే బీ అక్షరం చూపిస్తే "బ" అంటారు, బ్యాట్ అని కలిపి చదవమంటే "బ-యా-ట" అని ఎక్కడో తేలతారు. నేను పొల్లు వాడి చెప్పాను. బ్, యా, ట్ అని చివర అచ్చు రాకుండా పలికించి, పొల్లు పెట్టినప్పుడు తెలుగులో నోరు ఎలా ఆగుతుందో చూపిస్తే రెండు రోజుల్లో అర్థమైంది. మనకు మాట చివర అచ్చు కలపడం అలవాటు, బుక్కు, పెన్ను, బస్సు అంటాం, అందుకని చివరి శబ్దం దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. వీకి, డబ్ల్యూకి మనం ఒకటే "వ" పలుకుతాం. వీకి పై పళ్లు కింది పెదవికి తగలాలి, డబ్ల్యూకి పెదవులు గుండ్రంగా చుట్టాలి, అద్దం ముందు నిలబెట్టి చేయిస్తే పిల్లలకు ఆటలా ఉంటుంది. ఏ కోర్సు కొన్నా ఈ పాఠాలు మీరే కలుపుకోవాలి.

లెక్కలు మాత్రం తెలుగులో మొదలుపెట్టమని గట్టిగా చెప్తాను. పదమూడు అనే మాటలోనే పది ఉంది, మూడు ఉంది, వరసగా వినిపిస్తాయి. ముప్పై ఒకటి అంటే ముందు ముప్పై, తర్వాత ఒకటి. థర్టీన్, థర్టీ పిల్లల చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి, పైగా థర్టీన్‌లో మూడు ముందొచ్చి పది వెనకుంటుంది, అందుకే 13 రాయబోయి 31 రాస్తారు. పదులు, ఒకట్లు తెలుగులో గట్టిపడ్డాక ఇంగ్లిష్ పేర్లు నేర్పడం నెల రోజుల పని. వర్క్‌షీట్ల బదులు చింతగింజలు చాలు, పది పది కుప్పలు పెట్టించండి. వామనగుంటలు ఆడించండి, వరసకు ఏడు చొప్పున 14 గుంటలు, గింజలు పంచుతూ పోవడంలోనే కూడిక, తీసివేత, ముందుగా అంచనా వేయడం అన్నీ ఉన్నాయి. అష్టాచెమ్మ నాలుగు గవ్వలతో లెక్క, గవ్వలు లేకపోతే ఒక వైపు అరగదీసిన చింతగింజలతో ఆడొచ్చు. ఆటలు మా అత్తమ్మకు అప్పగించాను. "బడికి పంపకుండా ఇంట్ల ఏం చెప్తరమ్మా" అని మొదట్లో బాధపడిన మనిషి ఇప్పుడు పొద్దున్నే గుంటల పీట తీసి రెడీగా పెడతారు. పావు, అర, ముప్పావు కోసం మెహిదీపట్నం రైతుబజార్‌కు తీసుకెళ్లి పావుకిలో టమాటాలు పిల్ల నోటితోనే అడిగించండి, డబ్బులు కూడా పిల్ల చేతే ఇప్పించండి.

విదేశీ పుస్తకంలోని మంచు, ఆకులు రాలే కాలం, అంగుళాలు, పౌండ్లు, వాళ్ల నాణేలు ఉన్న పేజీల్ని మొహమాటం లేకుండా వదిలేయండి. ఆ స్థానంలో మన కాలాలు పెట్టుకోండి. ఉగాదికి వేపపూత, ఆషాఢంలో బోనాలు, బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడ పూస్తున్నాయో వెతకడం. అదే ప్రకృతి పాఠం. ఇంట్లో ఉన్నందుకు మనకు దొరికే పెద్ద లాభం, వారం మధ్యలో జనం లేనప్పుడు బయటికి వెళ్లగలగడం. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం దగ్గర కూర్చుని టైమ్ చెప్పొచ్చు, కాకపోతే శుక్రవారం సెలవు. సోమవారం జూ పార్కుకు సెలవు. గోల్కొండ కోట ప్రవేశద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుంది, ఒకరు కింద, ఒకరు పైన నిలబడి చేస్తే శబ్దం గురించి ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు.

ఒక పుస్తకం నడవడం లేదని ఎప్పుడు ఒప్పుకోవాలి? నేను మూడు వారాలు చూస్తాను. మొదటి వారం పేజీలు తగ్గిస్తాను, రెండో వారం రాత తీసేసి నోటితో చేయిస్తాను, మూడో వారం టైమ్ మారుస్తాను. అప్పటికీ పుస్తకం చూడగానే పిల్ల ముఖం మాడిపోతుంటే పక్కన పెట్టేస్తాను, ఆరు నెలల తర్వాత మళ్లీ తీస్తాను. మా పెద్దవాడి కిట్‌లో సగం పేజీలు చిన్నదానికి ఇప్పుడు అలాగే పనికొస్తున్నాయి.

ఇక కాగితాల సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి. దాని 4వ సెక్షన్ ప్రకారం, ఆరు దాటినా బడిలో చేరని పిల్లను తర్వాత వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, అంటే తిరిగి వెళ్లే దారి మూసుకుపోదు. జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ ఎన్ఐఓఎస్‌లో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానంగా ఎ, బి, సి స్థాయిలు ఉన్నాయి, 14 నిండాక పదో తరగతికి చేరొచ్చు. చిన్నపిల్లల విషయంలో ఇప్పుడే దీనికి టెన్షన్ పడనక్కర్లేదు, కానీ ఒక ఫైల్ మాత్రం మొదటి రోజు నుంచి పెట్టండి. నెలకు మూడు కాగితాలు చాలు, ఒకటి రాత, ఒకటి లెక్క, ఒకటి బొమ్మ, వెనక తేదీ వేయండి. నాయనమ్మ అడిగినా, రేపు బడిలో అడిగినా అదే తీసి చూపించొచ్చు. ఆ తేదీ ఆ రోజే వేయండి, తర్వాత గుర్తుండదు.