వృషభావతి కథలు సేకరించే పద్ధతి

బెంగళూరులో మైసూరు రోడ్డు పక్కన నల్లగా పారే వృషభావతి ఏటి కథలు సేకరించాలంటే ముందు నీటి దారి గీసుకోవాలి. కథలు ఆ తర్వాత.

ఊరి నడుమ ఎత్తైన గట్టు ఉంది. దానికి పడమట కురిసిన వాన వృషభావతిలో చేరి అర్కావతి మీదుగా కావేరికి పోతుంది. తూర్పున కురిసింది దక్షిణ పినాకినికి, అంటే మన పెన్నకు తోబుట్టువైన ఏటికి చేరుతుంది. ఇది చూసుకోకపోతే కోరమంగల కాలువ కథ తెచ్చి వృషభావతికి అంటగడతారు. కర్ణాటక ప్రభుత్వ భూరికార్డుల యాప్ దిశాంక్‌లో గ్రామపటం, సర్వే నంబర్లు దొరుకుతాయి. ఇళ్ల మధ్య వంకరగా సాగే హద్దు కనిపిస్తే అది పాత కాలువేమో వెళ్లి చూడండి.

పుట్టిన చోటు దగ్గరే మొదటి తగాదా. బసవనగుడిలో పెద్ద నంది పాదాల దగ్గర అంటారు కొందరు. మల్లేశ్వరంలో, 1997లో తవ్వకాల్లో బయటపడ్డ నందితీర్థం అంటారు ఇంకొందరు. తీర్పు చెప్పకండి. ఏటికి తలపాయలు చాలా ఉంటాయి. రెండూ రాసి, ఎవరు ఏది చెప్పారో పక్కన పెట్టండి.

పెద్దవాళ్లను "ఇక్కడి స్థలపురాణం ఏమిటండీ?" అని అడిగితే గుడి బోర్డు మీదున్నదే అప్పజెబుతారు. "వానాకాలంలో నీళ్లు ఎందాకా వచ్చేవి? బట్టలు ఎక్కడ ఉతికేవారు?" అని అడగండి, కథ దానంతటదే వస్తుంది. చెప్పినవారి వయసు, ఆ చోటు, వాళ్లు ఎవరి నోట విన్నారు అన్నవి తప్పకుండా రాయండి. కన్నడంలో చెబితే కన్నడంలోనే రికార్డు చేయాలి. తెలుగులోకి మార్చి రాసుకుంటే పేర్లు చెడతాయి.

తేదీల దగ్గరే ఎక్కువ మంది బోల్తా పడతారు. మైసూరు రోడ్డు గుడిలోని గాలి ఆంజనేయుణ్ణి 1425లో మాధ్వ గురువు వ్యాసరాయలు ప్రతిష్ఠించారని చెబుతారు, కానీ ఆయన పుట్టిందే ఆ తర్వాత. ఎద్దు వేరుశనగ చేను మేసి బసవనగుడి పెద్ద నందిగా రాయైపోయిన కథా అంతే. వేరుశనగ దక్షిణ అమెరికా పంట, పోర్చుగీసుల రాకకు ముందు ఇక్కడ లేదు. కాబట్టి ఆ కథ తర్వాతిదైనా కావాలి, లేదా పాత కథలో పైరు మారి ఉండాలి. అలాగని కొట్టిపారేయకండి: కార్తీకంలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగల జాతర, ఇప్పటికీ ఆ నంది గుడి ముందే జరుగుతుంది. కథలో చోటును నమ్మినంతగా సంవత్సరాన్ని నమ్మకూడదు.

సంవత్సరానికి శాసనమే దిక్కు. మల్లేశ్వరంలోని కాడు మల్లేశ్వర గుడికి 1669 నాటి, శివాజీ సవతి సోదరుడు ఏకోజీ దానశాసనం ఉంది. బెంగళూరు జిల్లా శాసనాలు ఎపిగ్రాఫియా కర్ణాటికా 9వ సంపుటంలో దొరుకుతాయి. రాయి మీద సున్నం, నూనె, పిండి పూయకండి. చీకటి పడ్డాక టార్చి పక్కనుంచి వాలుగా వేసి, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి ఫొటో తీయండి. అరిగిన అక్షరాలు నీడలో లేస్తాయి. పాత కన్నడ లిపి మనదానికి దగ్గరే గనుక కొంత మనమే కూడబలుక్కోవచ్చు.

నడకకు ఫిబ్రవరి, మార్చి నెలలు నయం. కాలువలోకి దిగొద్దు, వంతెనల మీద నుంచే చూడండి. ఎగువన వాన పడితే మీ నెత్తిన చినుకు పడకముందే నీళ్లు వచ్చేస్తాయి.